ఎవరూ వినని వాన

ఆ ఉదయం మలుపు దగ్గర ఆగిన బళ్ళ వరుస పెట్రోలు బంకు దాకా పాకింది. పాల వ్యాన్లు, స్కూలు బస్సులు, టౌన్లో ఉద్యోగాలకు పోయే స్కూటర్లు, కూరగాయల ట్రాలీ ఒకటి, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్రుమంటున్నాయి. పైనుంచి సన్నటి తుంపర, కురవాలా వద్దా అని తేల్చుకోలేనట్టు పడుతోంది. ఆ తుంపరలో రెండు లారీల మధ్య సందులోంచి ఒక నీలం స్కూటర్ మెలికలు తిరుగుతూ ముందుకొచ్చి, ఎర్రటి స్టాప్ బోర్డుకి జానెడు దూరంలో ఆగింది.

బోర్డు పట్టుకున్న మనిషి పసుపు రెయిన్‌కోటులో ఉన్నాడు. పసుపని కాలర్ చూసి తెలుసుకోవాలి. మిగతాదంతా బురదే.

"ఇంకా ఎంతసేపండీ?" అంది ఆమె హెల్మెట్ అద్దం పైకెత్తి.

"కాసేపే."

"కాసేపంటే? మీ కాసేపులు నాకు బాగా తెలుసు. నేను లేటుగా వెళ్ళి సంతకం పెట్టి కూర్చునే ఉద్యోగం కాదు నాది. నేను వెళ్తేనే అక్కడ పని మొదలవుతుంది."

"అటు పక్క రాయి దొర్లింది. తీస్తున్నారు. అది తీసేదాకా ఎవర్నీ పంపలేను."

"ఇవాళ రాయి. నిన్న పైపు పగిలింది. మొన్న కరెంటు స్తంభాలు. అసలు ఈ రోడ్డు వేస్తున్నారా, రోడ్డుకి వైద్యం చేయిస్తున్నారా?"

అతను తల దించుకున్నాడు. నవ్వు దాచుకుంటున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. తల ఎత్తి, కొంచెం అనుమానంగా అడిగాడు.

"పొద్దున్నే రేడియోలో వచ్చేది మీరేనా? గొంతు అలాగే ఉంది."

"నేనే. ఇవాళ రాకపోతే మాత్రం మీ వల్లే. ఒక సాయం చెయ్యండి. మీ ఇంజనీరు ఎక్కడుంటాడు? ఎవరు ఎప్పుడు ఏది అడిగినా 'రేపు' అంటాడట. ఆ రేపుగారిని ఒక్కసారి కళ్ళారా చూడాలి."

"చూస్తున్నారు," అన్నాడతను.

ఆమె హెల్మెట్ అద్దం కిందికి దించుకుంది. రోజూ జెండా పట్టుకునే పెద్దాయనకు జ్వరమట. ఎవరూ లేక ఇంజనీరే బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. వాకీటాకీ గరగరమంది. అతను బోర్డు తిప్పాడు. ఆకుపచ్చ.

"వెళ్ళండి. మలుపులో కంకర ఉంది, మెల్లిగా."

ఆమె స్టేషన్‌కి పరుగున చేరేసరికి పాట అయిపోవచ్చింది. ఊపిరి సర్దుకుని మైకు ముందు కూర్చుంది. "శ్రోతలకు శుభోదయం. ఆలస్యానికి కారణం మీకు చెప్పక్కర్లేదు. ఇవాళ మలుపు దగ్గర రేపుగారిని కలిశాను. మనిషి ఉన్నాడండీ. లేనిది రోడ్డే."

ఆ సాయంత్రానికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇంజనీరు పేరు రేపుగారైపోయింది.

*

ఆమె కోపం వట్టి టైము కోసం కాదు.

అన్నయ్య ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేవాడు. మంచు పట్టిన ఒక పొద్దున ఆ మలుపు తిరగ్గానే ఎదురుగా లారీ వచ్చింది. కొండ కడుపు రోడ్డు మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది అక్కడ. అవతలి నుంచి వచ్చేది మీద పడేదాకా కనిపించదు. అన్నయ్య బస్సుని పక్క గుంటలోకి దింపేశాడు. పిల్లలు చిన్న చిన్న గాయాలతో బయటపడ్డారు. అతని కుడి కాలు మాత్రం సీటు కింద నలిగింది.

కాలు అతికింది. కొంచెం కుంటుతాడు, అంతే. కానీ ఆ రోజు తర్వాత స్టీరింగ్ ముట్టలేదు. టౌన్‌కి పోవాలంటే ఆ మలుపు దాటాలి కాబట్టి టౌన్‌కే పోలేదు. ఇంటి ముందు గదిలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తూ కూర్చుంటాడు. ఎవరైనా అడిగితే అమ్మ "కాలు నొప్పి" అంటుంది. నొప్పి కాల్లో లేదని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఆ మలుపుని విప్పడానికే ఈ పనులన్నీ. కొండని వెనక్కి చెక్కాలి, రోడ్డు వెడల్పు చెయ్యాలి, అంచున ఇనప కంచె వెయ్యాలి. అందుకే ప్రతి ఆలస్యమూ ఆమెకు అన్నయ్య కాలు మీద పడినట్టే ఉండేది.

"పాపం ఆ అబ్బాయిని మరీ ఆడుకోకే," అన్నాడు అన్నయ్య ఆ రాత్రి అన్నం దగ్గర. "రోడ్డు పని నువ్వు మాట్లాడినంత తేలిక కాదు."

"నీకోసమే మాట్లాడుతున్నా."

అన్నయ్య పెరుగు గిన్నె ఆమె వైపు జరిపాడు.

మర్నాటి నుంచి స్టేషన్ ఫోనుకి రోజూ పొద్దున్నే ఒక మెసేజ్ రావడం మొదలైంది. 'ఎడమ లైను తెరిచాం. మలుపు దాటాక బురద ఉంది, స్కూటర్లు జాగ్రత్త. ఇట్లు, రేపు.'

ఆమె చదివి పకపకా నవ్వింది. తిట్టిన పేరు మనిషి తనే పెట్టుకుంటే ఇక తిట్టడానికేముంది? 'మరి కుడి లైను?' అని జవాబిచ్చింది.

'రేపు.'

రోజూ అదే వరస. కొన్నాళ్ళకి ఆ మెసేజ్ ఆమె సొంత ఫోనుకే రావడం మొదలైంది. ఆమె రేడియోలో అతన్ని ఏడిపించేది. సైటు క్యాబిన్లో అతని మనుషులు రేడియో చుట్టూ చేరి నవ్వేవారు. జ్వరం తగ్గి వచ్చిన జెండా బాబాయ్ ఆమె స్కూటర్ కనిపించగానే "రేడియో వచ్చింది సార్" అని వాకీటాకీలో చెప్పేవాడు. అంతే, రేపుగారికి సరిగ్గా అప్పుడే మలుపు దగ్గర ఏదో కొలవాల్సిన పని పడేది.

"ఇవాళ ఏం కారణం?" అనేది ఆమె.

"ఇవాళ ఏ కారణమూ లేదు. దారి ఖాళీగా ఉంది. మీరే ఆగారు."

ఆమె బుగ్గలు వేడెక్కేవి. స్కూటర్ గట్టిగా తిప్పుకుని వెళ్ళిపోయేది. టౌన్ వచ్చేదాకా ముఖం మీద నవ్వు ఉన్న సంగతి ఆమెకు తెలిసేది కాదు. ఇంట్లో మాత్రం తెలిసింది.

"ఎవరే ఫోన్లో?" అని అమ్మ ఒకరోజు అడిగింది.

"రోడ్డు గురించమ్మా."

"ఓహో. ఈమధ్య రోడ్డు కూడా నవ్విస్తోందన్నమాట."

*

వానలు ముదిరే ముందు, ఒక సోమవారం, మెసేజ్ రాలేదు.

ఆమె మలుపు దాటుతుంటే కొండ మీద జేసీబీలు నోళ్ళు దించుకుని నిలబడి ఉన్నాయి. చప్పుడు లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. స్టేషన్‌కి ఫోన్లు మొదలయ్యాయి. ఇంజనీరుకి బదిలీ అయిందని ఒకరు, పని మొత్తం ఆపేశారని ఒకరు, ఊళ్ళవాళ్ళంతా కలిసి రోడ్డు మీద కూర్చుంటామని ఒకరు. ఆమె పెట్టిన మెసేజ్‌కి మాత్రం ఒకే జవాబు వచ్చింది. 'మీకు ఫోన్లో చెప్పలేను. సాయంత్రం రాగలరా? ఎండ వాలేటప్పుడు.'

ఆమె మైకు బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది. దారంతా ప్రశ్నలు నూరుకుంది.

రేపుగారు క్యాబిన్ బయట నిలబడి ఉన్నాడు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు. ఒక హెల్మెట్ ఆమె చేతికిచ్చాడు.

"పైకి ఎక్కాలి. మైకు కాసేపు బ్యాగులోనే ఉంచుతారా? చూశాక మీ ఇష్టం. నన్నేం తిట్టాలన్నా తిట్టండి."

"తిట్టడానికే వచ్చాను," అంది, కానీ మైకు తియ్యలేదు.

కొండ పక్కగా మట్టి బాట. పైకి వెళ్ళేసరికి జేసీబీ ఒక పొర రాయిని ఊడదీసిన చోటు కనిపించింది. పెద్ద గది గోడంత పలక, ఏటవాలుగా రోడ్డు వైపు వాలి ఉంది. ఆమెకు మామూలు రాయిలాగే కనిపించింది. దీనికోసమా, అనబోయింది.

"ఒక్క నిమిషం," అన్నాడతను. "మబ్బు తొలగనివ్వండి."

మబ్బు తొలగింది. ఎండ పక్క నుంచి, నేలబారుగా, రాయి మీద పాకింది.

రాయి కదిలింది. కదిలినట్టే అనిపించింది ఆమెకు. నున్నగా ఉందనుకున్న పలక మీద ఒక్కసారిగా అలలు లేచాయి. చెరువు ఒడ్డున గాలికి నీళ్ళు మడతలు పడతాయే, అలాంటి చిన్న చిన్న అలలు, వరుసలు వరుసలుగా. ప్రతి అలకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. ఆ అలల మీదంతా గుంటలు. శనగగింజంత, బఠాణీ అంత. వందలు, వేలు. ఒక్కొక్కటీ అంచు కట్టుకుని ఎంత తాజాగా ఉన్నాయంటే, వేలు పెడితే తడి అంటుతుందేమో అనిపించేంత.

"ఇవేమిటి?" ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు.

"వాన," అన్నాడతను.

ఆమె అతని వైపు తిరిగింది.

"ఇదంతా ఒకప్పుడు లోతులేని నీటి ఒడ్డు. నీళ్ళు వెనక్కి తగ్గాక బురద మిగిలింది. ఆ బురద మీద ఒక జల్లు పడింది. పెద్ద వాన కాదు, పెద్ద వానైతే గుర్తులన్నీ చెదిరిపోయేవి. నాలుగు చినుకులు రాలి వెళ్ళిపోయిన జల్లు. తర్వాత ఎండ కాసి బురద గట్టిపడింది. దాని మీద సన్న ఇసుక కప్పింది. ఆ పైన ఇంకో పొర, ఇంకో పొర. అలా రాయైపోయింది." అతను మోకాళ్ళ మీద కూర్చుని ఒక గుంట చూపించాడు. "ఈ అంచు చూడండి, ఒక పక్కే ఎత్తుగా ఉంది. చినుకు ఏటవాలుగా పడింది. ఆ రోజు గాలి అటు నుంచి వీచింది."

"ఎప్పటి సంగతి?"

"కోట్ల ఏళ్ళు. సరిగ్గా చెప్పడానికి రాళ్ళు చదివిన మేడమ్ ఒకరు వస్తున్నారు. నాకు తెలిసినంతలో, అప్పటికి నేల మీద చెట్టు లేదు. గడ్డిపోచ లేదు. పిట్ట లేదు."

ఆమె అతని పక్కన కూర్చుంది. అరచెయ్యి రాయి మీద ఆనించింది. పగలంతా కాగిన రాయి వెచ్చగా ఉంది. గుంటలు అరచేతికి ఒక్కొక్కటే తెలుస్తున్నాయి.

పిట్ట లేదు. ఆకు లేదు. అంటే ఆ చినుకుల చప్పుడు వినడానికి భూమ్మీద ఒక్క చెవి లేదు. అయినా కురిసింది. ఎవరూ వినని వాన. రోజూ వేలమంది వినాలని మాట్లాడే ఆమెకు ఆ ఆలోచన గుండెలో ఎక్కడో తగిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియదు. అతను చూసి, చూడనట్టు పక్కకి తిరిగాడు. ఎండ దిగిపోయేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఎండ పోగానే అలలు మాయమయ్యాయి. మళ్ళీ మామూలు రాయి.

అప్పుడు ఆమెకు అన్నయ్య గుర్తొచ్చాడు. ఒంటి మీద నీళ్ళు చల్లినట్టయింది.

"దీనికోసం పని ఆపారు," అంది లేచి నిలబడి.

"ఆపాను."

"ఇది కోట్ల ఏళ్ళు ఆగింది. కింద స్కూలు బస్సులు ఆగవు కదా. అవి రోజూ ఈ మలుపే తిరుగుతాయి. మా అన్నయ్య సంగతి మీకు తెలియదు."

"తెలుసు. జెండా బాబాయ్ చెప్పాడు." అతను హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఒకటి చూపిస్తాను. ఈ పొరలన్నీ రోడ్డు వైపే వాలి ఉన్నాయి. పుస్తకాల దొంతరని ఏటవాలుగా పెట్టి కింది అంచు లాగేస్తే ఏమవుతుంది? పాత ప్లానులో మేం చేస్తున్నది అదే. కొండ కాళ్ళు కోస్తున్నాం. పైనున్నదంతా రోడ్డు మీదికి జారుతుంది. కింద నుంచి కొయ్యకూడదు. పైనుంచి పొర పొరా తీసుకుంటూ ఈ పలక దగ్గర ఆగిపోవాలి. ఈ పలక గట్టిది. దీన్ని వదిలేస్తే కొండ నిలుస్తుంది, మలుపు కూడా బాగా కనిపిస్తుంది. ప్లాను మార్చమని పైకి రాశాను."

"మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా. జనం ఎందుకు తిడతారు?"

అతను ఇబ్బందిగా నవ్వాడు. "ఎందుకంటే అది పూర్తి నిజం కాదు. జేసీబీ ఆపమన్నది కొండ జారుతుందని కాదు. ఈ వానని చూసి. దీన్ని పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. కొండ వాలు సంగతి ఆ తర్వాత తట్టింది. ఏది ముందో మీకు అబద్ధం చెప్పాలనిపించలేదు."

ఆమె అతన్ని కాసేపు చూసింది. బురద బూట్లు, గీసుకోని గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు. ఇలాంటి మనిషిని ఇంతకాలం తను రేడియోలో పెట్టి ఆడించింది.

"సరే," అంది. "కొండ మీద పని ఆగితే ఆగింది. కింద పని ఎందుకు ఆగాలి? మీ మనుషులంతా క్యాబిన్లో కూర్చుని నా ప్రోగ్రాం వింటున్నారు. మలుపులో అద్దం పెట్టొచ్చు. సిగ్నల్ లైటు పెట్టొచ్చు. ఒకవైపు బళ్ళు వెళ్ళాకే రెండోవైపు వదలొచ్చు. జనం ఆలస్యం భరిస్తారండీ. ఏమీ జరగని ఆలస్యమే భరించలేరు."

అతను జేబులోంచి పెన్సిల్ తీశాడు. "ఇంకోసారి చెప్పండి."

*

మర్నాడు ఆమె రేడియోలో అతన్ని ఏడిపించలేదు. కొండ పొరలు రోడ్డు వైపు వాలి ఉన్నాయని, వాటిని కింద నుంచి కోస్తే ప్రమాదమని, అందుకే పని ఆగిందని చెప్పింది. వాన సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే చూడ్డానికి జనం ఆ మలుపులోనే బళ్ళాపుతారు. ఇన్నేళ్ళలో ఒక గొప్ప కబురు చేతిలో ఉండి నోరు మూసుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

రాళ్ళ మేడమ్ వచ్చింది. తల నెరిసిన మనిషి. పలక దగ్గరికి రాగానే బూట్లు విప్పేసి, ఉత్త కాళ్ళతో, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన నడిచినట్టు నడిచింది. "నా ఉద్యోగమంతా ఇలాంటివి అరచేతంత ముక్కలే చూశాను," అంది. వెళ్ళేముందు రేపుగారి భుజం మీద చెయ్యి వేసి, పక్కనున్న రేడియో అమ్మాయి వైపు తిరిగి, "ఈ అబ్బాయి ఆపకపోతే ఇది కంకరైపోయేదమ్మా," అంది.

కింద అద్దం వచ్చింది. లైట్లు వచ్చాయి. గీతలు పడ్డాయి. పై ఆఫీసు నుంచి జవాబు మాత్రం రాలేదు. వాన వచ్చింది.

వాన మొదలైన రోజే రేపుగారు బళ్ళు ఆగాల్సిన గీతని మలుపు నుంచి బాగా వెనక్కి, కల్వర్టు దాకా జరిపేశాడు. జనం తిట్టారు. ఆమె కూడా తిట్టింది.

"ఇంత దూరమా? మలుపెక్కడ, ఇదెక్కడ? ఊళ్ళోనే ఆపెయ్యండి ఒకేసారి."

"మీరంతా ఒప్పుకుంటే ఊళ్ళోనే ఆపేవాణ్ణి."

ఆ వారంలో ఒక ఉదయం, తెల్లారినప్పటి నుంచి ధారగా కురుస్తోంది. గీత దగ్గర అందరికన్నా ముందు నీలం స్కూటర్. పక్కన గొడుగు కింద జెండా బాబాయ్. వెనక పెద్ద వరుస. బాబాయ్ ఏదో చెబుతున్నవాడు మధ్యలో ఆగిపోయాడు.

కొండ జారింది.

ముందు చప్పుడు లేదు. మంచం మీంచి దుప్పటి జారినట్టు, పైపొరలు మెత్తగా కదిలాయి. పొదలు నిలబడ్డవి నిలబడ్డట్టే కిందికి వచ్చాయి. ఆ తర్వాత వచ్చింది చప్పుడు. స్కూటర్ హ్యాండిల్‌లోంచి చేతుల్లోకి, చేతుల్లోంచి పళ్ళల్లోకి పాకింది. మలుపు ఉన్న చోట బురద పొగలా లేచి కాసేపు ఏమీ కనిపించలేదు.

వాన ఆ పొగని కడిగేసింది.

ఒక్కొక్కరే బళ్ళు దిగారు. ఇంజన్లు ఎవరో చెప్పినట్టు ఆగిపోయాయి. రోడ్డు నుంచి కొండ తల దాకా, ఒక మైదానాన్ని నిలబెట్టినట్టు, ఆ పలక మొత్తం బయటపడింది. ఆమె చూసింది దానిలో ఒక మూల మాత్రమే. తడి మెరుపులో కొండంతా అలలే. అలల మీదంతా ఆనాటి చినుకులు ఉంటాయని దగ్గర్నుంచి చూసిన ఆమెకు తెలుసు. వాటి మీద ఇవాళ్టి వాన పడుతోంది. ఆ గుంటలు నిండి, ఒలికి, తళతళా మెరుస్తున్నాయి. అప్పుడెప్పుడో నాలుగు చినుకులు రాల్చి వెళ్ళిపోయిన జల్లు, దారి మరిచి తిరిగి తిరిగి, తను పడిన చోటికే మళ్ళీ వచ్చినట్టుంది.

స్కూలు బస్సులో పిల్లలు కిటికీలకు ముఖాలు ఆనించి చూస్తున్నారు. పాల వ్యాను డ్రైవరు తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, వానలో.

ఆమె అలా ఎంతసేపు నిలబడిందో. ఉన్నట్టుండి బాబాయ్ వైపు తిరిగింది.

"బాబాయ్, ఆయనెక్కడ?"

బాబాయ్ ముఖం పాలిపోయింది. "మెషిను తప్పించడానికి... అటే వెళ్ళారమ్మా."

ఆమె వాకీటాకీ లాక్కుంది. "నువ్వెక్కడున్నావు?" అంది. జవాబు లేదు. "నిన్నే. వినిపిస్తోందా? నువ్వు మాట్లాడకపోతే ఈ రాళ్ళెక్కి వచ్చేస్తాను. ఏదో ఒకటి మాట్లాడు. రేపు అనైనా అను."

"అమ్మా," అన్నాడు బాబాయ్ మెల్లిగా, "ఆ బటన్ వదలాలి. నొక్కిపట్టుకుంటే ఆయన మాట రాదు."

ఆమె వదిలింది.

"...బాగున్నాను. అందరం బాగున్నాం. మెషిను కూడా బయటపడింది. మీరు గీత వెనకే ఉన్నారా?"

"ఉన్నాను," అంది. స్కూటర్ మీద కూర్చుంది.

"అమ్మయ్య," అన్నాడతను. "రోజూ గీత దగ్గర పోట్లాడతారుగా. దాటి వచ్చారేమో అని."

ఆమె ముఖం మీది వాననీళ్ళు తుడుచుకుంది.

"చూస్తున్నారా?" అన్నాడతను.

"చూస్తున్నా. నువ్వు అటు, నేను ఇటు. ఇద్దరం ఒకచోట నిలబడి చూడాల్సింది దీన్ని."

"ఆ మాట ఇంకోసారి అంటారా?"

"ఏ మాట?"

"'నువ్వు' అన్నారు. ఇందాకటి నుంచి అంటున్నారు."

ఆమె నాలుక కరుచుకుంది. బాబాయ్ గొంతు సవరించుకుని, "ఈ చానెల్లో రోలరు డ్రైవరు దగ్గర్నుంచి వంటాయన దాకా అందరూ ఉన్నారమ్మా," అన్నాడు. వెంటనే ఎవరిదో గొంతు గరగరమంటూ, "మాకేం వినపడట్లేదు మేడమ్, మీరు కానివ్వండి," అంది. వరసగా నవ్వులు.

"అయితే అందరి ముందే చెబుతాను," అన్నాడు రేపుగారు. ఇప్పుడు అతని గొంతులో నవ్వు లేదు. "రోజూ పొద్దున్న మీ గొంతు వినడం నాకు సరిపోవడం లేదు. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా వినాలనుంది. ఎప్పటికీ. మీకు ఇష్టమైతేనే."

ఆమె కొండ వైపు చూసింది. బటన్ నొక్కింది. వదిలేసి, మళ్ళీ నొక్కింది.

"నాకు ఇష్టమే. మా ఇంట్లో వచ్చి అడుగు."

"రేపు వస్తాను."

"నీ రేపులు నాకు తెలుసు."

"ఇది ఆ రేపు కాదు."

*

నిజంగానే మర్నాడే వచ్చాడు. రోడ్డు మూసుకుపోయింది కాబట్టి కొండ వెనక నుంచి చుట్టూ నడిచి, మోకాళ్ళ దాకా బురదతో. అమ్మ అతన్ని తేరిపార చూసి, ఒక బకెట్ నీళ్ళు, తువ్వాలు అరుగు మీద పెట్టింది. "ముందు కాళ్ళు కడుక్కో బాబూ. మా అమ్మాయి నిన్ను నవ్వించే రోడ్డని చెప్పింది గానీ, రోడ్డంతా ఒంటికి పూసుకొస్తావని చెప్పలేదు."

అన్నయ్య అన్నీ విన్నాడు. చేతిలో ఉన్న మిక్సీ పక్కన పెట్టాడు.

"నాకు నువ్వు నచ్చావు," అన్నాడు. "కానీ ఆ మలుపు పూర్తయ్యాక రా. దారి తెరిచిన రోజు రా. అప్పుడే మాట్లాడుకుందాం."

ఎందుకలా అన్నాడో ఆమెకు అర్థం కాలేదు. అడిగితే చెప్పలేదు.

ఇక అప్పటి నుంచి ఆలస్యానికి ఆమె పడ్డ బాధ ఇంతా అంతా కాదు. తారు రాలేదని, కంచె స్తంభాలు పొట్టివి వచ్చాయని, వాన తగ్గలేదని అతను చెబుతుంటే పళ్ళు నూరేది. "నీ రోడ్డు నా పెళ్ళికి అడ్డం పడుతోంది," అనేది. అయినా తొందర పెట్టలేదు. కొండ మీద అడుగడుగునా చూసుకుంటూ పని చెయ్యడం ఆమె చూసింది. పలక అంచున నీళ్ళు పోవడానికి కాలువ తవ్వారు. దాని కాళ్ళ దగ్గర గోడ కట్టారు. చూడాలనుకునేవాళ్ళు మలుపులో ఆగకుండా, కొంచెం ముందుకు వెళ్ళి బండి నిలుపుకునే చోటు ఒకటి విడిగా వేశారు. అది ఆమె పోట్లాడి వేయించింది.

చలి మొదలవుతుండగా దారి తెరిచారు.

ఆ సాయంత్రం రేపుగారు ఆఫీసు కారులో ఇంటికి వచ్చాడు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపాడు.

"తాళాలివ్వు."

అమ్మ చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆమె ఏదో అనబోతే రేపుగారు కళ్ళతోనే వద్దన్నాడు. తాళాలిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె వెనక కూర్చుంది. ఊరు దాటేదాకా అన్నయ్య వేళ్ళు స్టీరింగ్ మీద తెల్లగా బిగుసుకుని ఉన్నాయి. పెట్రోలు బంకు దాటింది. కల్వర్టు దాటింది. మలుపు మొదలైంది. అన్నయ్య ఊపిరి బిగపట్టడం వెనక సీట్లోకి వినిపించింది.

ఎదురుగా ఒక లారీ వస్తోంది. చాలా దూరం నుంచే కనిపించింది. ఎంత దూరమంటే, అన్నయ్య దాన్ని చూసి, బిగపట్టిన ఊపిరి వదిలి, వేగం తగ్గించి, తన పక్కకు తీరిగ్గా జరుపుకునేటంత. లారీ హాయిగా దాటిపోయింది.

బళ్ళు నిలుపుకునే చోట కారు ఆపి అన్నయ్య దిగాడు. ఎండ వాలుతోంది. కొండంత పలక మీద అలలు లేచి ఉన్నాయి. అతను తల వెనక్కి వాల్చి, పైదాకా చూశాడు. కుంటుకుంటూ వెళ్ళి గోడ మీదుగా చెయ్యి చాపి రాయిని తాకాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తిరిగి వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"మీరిద్దరూ ఇక్కడే ఉండండి," అన్నాడు. "నేనొక్కణ్ణీ ఇంకోసారి తిరిగి వస్తాను."

కారు కదిలింది. ఆమె చెయ్యి అతని చేతిని వెతుక్కుని పట్టుకుంది. ఇద్దరూ కంచె పక్కన నిలబడి చూశారు. ఒకప్పుడు కొండ వెనక్కి వెళ్ళి మాయమైపోయే దారి అది. ఇప్పుడు ఆ చివర నుంచి ఈ చివర దాకా అరచేతిలో గీతలా కనిపిస్తోంది. కారు మలుపంతా తిరిగింది, అవతల ఆగింది, వెనక్కి తిరిగింది, మళ్ళీ మలుపంతా వచ్చింది. ఒక్క క్షణం కూడా వాళ్ళ కంటికి దూరం కాలేదు.

అన్నయ్య వాళ్ళ ముందు ఆపి అద్దం దించాడు.

"ఎక్కండి బావగారూ," అన్నాడు రేపుగారితో. "అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."